విప్పిన బండిని బిగించేదాకా



ఈ నెల మాకు వచ్చిన ఉత్తరములలో ఒకటి కొంచెము వేరుగా ఉన్నది. పిల్లల చదువుల గురించి, అత్తాకోడళ్ళ మాటల గురించి, అప్పుల గురించి వ్రాసేవారు చాలామంది. ఈ సహోదరుడు మాత్రము ఒక కారు గురించి వ్రాశారు. ఆయన పేరు, ఊరు మేము చెప్పము. ఆయన తండ్రిగారు అంబాసిడర్ టాక్సీ నడిపి, ఆ సంపాదనతోనే నలుగురు బిడ్డలను పెంచి పెద్ద చేశారు. తండ్రి పోయిన తరువాత ఆ బండి ఏండ్ల తరబడి పశువుల పాకలో ఉండిపోయింది. మూడు సంవత్సరముల క్రితము ఈ సహోదరుడు దానిని తిరిగి నడిపించాలని పూనుకొని, ఒక మెకానిక్ సహాయముతో మొత్తము విప్పించారు. ఇప్పుడు ఇంజను పాకలో ఒక మూల, తలుపులు అటక మీద, సీట్లు వసారాలో, బాడీ టౌనులో టింకరు షెడ్డులో ఉన్నాయి. పంట మీద వచ్చిన డబ్బు వచ్చినట్లే పోతున్నది. భార్య, "ఉంచుకుంటారో అమ్ముకుంటారో మీ ఇష్టం, ఏదో ఒకటి తేల్చండి" అంటున్నదట. ఆయన చివరికి అడిగిన ప్రశ్న ఒక్కటే. "అయ్యగారూ, నాకు మనసు విరిగిపోయింది. పాత ఇనుము వానికి తూకానికి వేసేయనా?"

ఈ ప్రశ్నను మేము తేలికగా తీసుకోలేదు. ఇది కేవలము ఇనుము సంగతి అయితే ఇనుము వానినే అడిగి ఉండేవారు. తండ్రి చెమట ఆ బండిలో ఉన్నది. అలాగే భార్యాబిడ్డల కడుపు కూడా ఆ బండి ఖర్చుతో ముడిపడి ఉన్నది. ఈ రెండింటి మధ్య ఆయన నలిగిపోతున్నారు. మీలో కొందరికి కారు లేకపోవచ్చును. కాని సగము కట్టిన ఇల్లు, సగము తవ్విన బావి, సగములో ఆగిన చదువు చాలామంది ఇళ్ళలో ఉంటాయి. కాబట్టి ఆయనకు వ్రాసిన జవాబును మీ అందరి ముందు పెడుతున్నాము.

మేము కూడా మా మామగారి పాత అంబాసిడరును ఇద్దరు యౌవనస్థుల సహాయముతో తిరిగి నిలబెట్టాము. దానికి రెండున్నర సంవత్సరములు పట్టింది. అందులో మేము తెలుసుకున్న మొదటి సంగతి ఇది: విప్పడము వారము రోజుల పని, బిగించడము ఏండ్ల పని. విప్పేటప్పుడు రోజూ ఏదో ఒకటి చేతికి వస్తుంది, అందరూ చుట్టూ చేరి చూస్తారు, ఉత్సాహముగా ఉంటుంది. తరువాత నెలల కొద్దీ రాకడము, గీకడము, తుడవడము తప్ప కంటికి కనబడేది ఏమీ ఉండదు. ఇటువంటి పని చేసేవారిలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. సహోదరుడా, మీ మనసు విరగడానికి కారణము మీ చేతకానితనము కాదు. మీరు ఆ పనిలో అన్నిటికంటె కష్టమైన భాగములో ఉన్నారు, అంతే.

మీకున్న మేలు కూడా చెప్పాలి. మీ బండి అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారు నమూనా మీద హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో దీనిని తయారు చేశారు. 1950ల చివరలో మొదలైన ఆ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. యాభై ఏండ్లకు పైగా ఒకే ఒడ్డు పొడుగుతో వచ్చిన బండి కాబట్టి దాని సామాను, దాని పని తెలిసిన చేతులు ఇంకా దొరుకుతాయి. చెన్నైలో పుదుపేట, కలకత్తాలో మల్లిక్ బజారు, ఢిల్లీలో కాశ్మీరీ గేటు పాత సామానుకు పేరుపడిన చోట్లు. లేతు పని, బోరింగు పని కావాలంటే మన విజయవాడ ఆటోనగరు ఉండనే ఉన్నది. మీ తండ్రిగారితో పాటు టాక్సీ స్టాండులో ఉండిన ముసలి డ్రైవర్లు ఎవరైనా బ్రతికి ఉంటే ముందు వారిని కలవండి. పుస్తకములో లేని సంగతులు వారి నోట ఉంటాయి.

ఇక ఈ దీర్ఘమైన పనిలో మనసు నిలుపుకొనే మార్గములు కొన్ని చెబుతాము.

మొదటిది, ఎంతవరకు చేయాలో ఇప్పుడే నిర్ణయించుకొనండి. ప్రదర్శనలో పెట్టే బండి వేరు, ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని ఊరికి వెళ్ళే బండి వేరు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో నిజాము ప్రభువుల రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూసినవారు మీలో ఉండవచ్చును. అది 1912 నాటి బండి. అటువంటి మెరుపు తేవాలంటే అటువంటి ఖజానా కావాలి. మన బండికి బ్రేకు పట్టాలి, స్టీరింగు సరిగా తిరగాలి, వాన లోపలికి రాకూడదు, ఇంజను నమ్మకముగా అందుకోవాలి. ఈ నాలుగు చాలు. గమ్యము దూరముగా పెట్టుకొన్నవాడు త్వరగా అలసిపోతాడు. ఒక కాగితము మీద "ఇంతవరకు చేస్తాను, ఇంతకు మించి చేయను" అని వ్రాసి పాకలో గోడకు అంటించండి.

రెండవది, కాగితముల పని ముందు చూడండి. బండి పూర్తయ్యాక ఆర్.సి. చిక్కు బయటపడితే మిగిలిన ఉత్సాహము కూడా పోతుంది. యజమాని చనిపోతే వారసుని పేరు మీదికి మార్చుకొనడానికి రవాణా శాఖ వారి 31వ నంబరు ఫారము ఉన్నది. మీ బండి టాక్సీగా నమోదైనది గనుక సొంత వాడకమునకు ఎలా మార్చాలో కూడా ఆ కార్యాలయములోనే అడగాలి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పాత బండ్ల కొరకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను అయి 50 సంవత్సరములు దాటి, అసలు రూపము పెద్దగా మారకుండా, వ్యాపారమునకు వాడకుండా ఉన్న బండిని వింటేజ్ వాహనముగా నమోదు చేసుకోవచ్చును. కొత్తగా నమోదు చేయడానికి 20,000 రూపాయలు రుసుము, పది సంవత్సరముల గడువు అని అందులో పెట్టారు. అయితే ఒక సంగతి గమనించండి. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కొట్టించడానికి, మరమ్మతుకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. కుటుంబమును ఎక్కించుకొని చుట్టాల ఇంటికి వెళ్ళాలన్నది మీ ఆశ అయితే ఆ దారి మీది కాదు. మామూలు రిజిస్ట్రేషనునే ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. అందుచేతనే మొదటి మాట, రెండవ మాట కలిపి ఆలోచించాలి.

మూడవది, విప్పిన సామానును రాబోయే శనివారము కూర్చొని సర్దండి. తుప్పు కంటె కూడా "ఈ బోల్టు ఎక్కడిదో" అనే సందేహము మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది. ప్లాస్టిక్ సంచులు, పాత డబ్బాలు, ఒక నోటుపుస్తకము చాలు. బ్రేకు సామాను ఒక డబ్బా, స్టీరింగు సామాను ఒక డబ్బా, తలుపుల సామాను తలుపు తలుపుకు వేరే సంచి. లోపల చీటీ వేసి పైన కూడా వ్రాయండి. ఇంజనులో కనెక్టింగ్ రాడ్ల టోపీలు, మెయిన్ బేరింగు టోపీలు దేనిది దానికే బిగించాలి, తారుమారు కాకూడదు. కాబట్టి వాటి మీద నంబర్లు ఉన్నాయో లేవో చూసుకొనండి. సెల్‌ఫోనుతో ప్రతి డబ్బాకు ఒక ఫోటో తీసి పెట్టండి. ఈ పని అయిన రోజున పాకలోని కుప్ప కుప్పలాగా ఉండదు, బండి ముక్కలలాగా కనబడుతుంది. ఆ తేడా మీకే తెలుస్తుంది.

నాలుగవది, ముగిసే పనులను ఎన్నుకొనండి. "బండి చేస్తున్నాను" అనుకుంటే అది ఎప్పటికీ ముగియదు. "ఈ వారము హారను మోగిస్తాను, వచ్చే వారము వైపరు మోటారు శుభ్రము చేస్తాను" అనుకుంటే వారమునకు ఒకటి ముగుస్తుంది. ఇంజను బిగుసుకుపోయి ఉంటే ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి, కొన్ని రోజులు ఊరనిచ్చి, హ్యాండిలుతో మెల్లగా అటూ ఇటూ కదిలించి చూడాలి. బలవంతము చేయకూడదు. అది ఒక అంగుళము కదిలిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించండి. చిన్న విజయమును నలుగురితో పంచుకుంటే తరువాతి నెలకు సరిపడే బలము వస్తుంది.

పనికి ఒక వరుస కూడా ఉండాలి. మొదట బాడీ, తరువాత బ్రేకులు, స్టీరింగు, ఆ తరువాత ఇంజను, వైరింగు, చివరకు రంగు, సీట్లు. అంబాసిడరుకు లారీకి ఉన్నట్లు విడిగా చాసిస్ ఫ్రేము లేదు, బాడీయే బలము. తలుపుల క్రింది పట్టీలు, నేల రేకు తుప్పు పట్టి ఉంటే రంగు వేసి కప్పిపుచ్చరాదు. వాటిని కోసేముందు తలుపుల ఖాళీలకు అడ్డముగా ఇనుప పట్టీలు వెల్డింగు చేయించి, ఒక వైపు పూర్తి చేసిన తరువాతనే రెండవ వైపు ముట్టుకోమని టింకరుకు చెప్పండి. లేకపోతే బాడీ వంగుతుంది, తలుపులు మరల పడవు. బ్రేకులలోని రబ్బరు వాషర్లు, గొట్టములు చూడడానికి బాగున్నా ఇన్నేండ్లు నిలిచినవి గనుక అన్నీ కొత్తవి వేయించండి. మిగిలిన చోట్ల పొదుపు చేయండి గాని బ్రేకుల దగ్గర వద్దు.

అయిదవది, పొలము పనిని బట్టి షెడ్డు పనిని పెట్టుకొనండి. నాట్ల రోజులలో, కోతల రోజులలో బండి దగ్గరికి పోలేకపోయినందుకు బాధపడితే ఆ బాధే మనసును తినేస్తుంది. "నాట్లు అయ్యేదాకా ఆపుతున్నాను, ఫలానా తారీఖున మరల మొదలుపెడతాను" అని గోడ మీది కాగితములో వ్రాయండి. తేదీ పెట్టి ఆపిన పని నిలిచి ఉంటుంది. తేదీ లేకుండా ఆగిన పని చచ్చిపోతుంది. మిగిలిన కాలములో నెలకు ఒక పూర్తి రోజు కంటె వారమునకు మూడు సాయంత్రములు, గంట గంట చొప్పున పెట్టుకుంటే మేలు. చేయి పని మరచిపోదు.

ఆరవది, డబ్బు. ఇది అన్నిటికంటె ముఖ్యము. ఈ బండి కొరకు వడ్డీకి తేవద్దు. బంగారము తాకట్టు పెట్టవద్దు. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, విత్తనములు, ఎరువులు పోగా మిగిలిన దానిలో నెలకు ఇంత అని భార్యాభర్తలు ఇద్దరూ కూర్చొని నిర్ణయించండి. ఆ డబ్బు ఒక డబ్బాలో వేయండి. డబ్బాలో లేని నెల కొనుగోలు లేదు, ఉన్న సామానును శుభ్రము చేసే పని మాత్రమే. దేనికి ఎంత పెట్టారో లెక్క వ్రాయండి. ఏ దశలో ఉన్నారో ఆ దశకు కావలసిన సామాను మాత్రమే కొనండి. ఇప్పుడే సీటు కవర్లు కొంటే బండి పూర్తయ్యేసరికి ఎలుకలు కొట్టేస్తాయి. మరొక సత్యము కూడా చెప్పాలి. ఇటువంటి బండి మీద పెట్టిన డబ్బు సాధారణముగా అమ్మినప్పుడు తిరిగి రాదు. లాభము కొరకు అయితే ఈ పని వద్దు.

ఏడవది, ఇంటివారు. మీ సహోదరి అడిగినది న్యాయమైన మాట. మూడేండ్లుగా వసారాలో సీట్లు పెట్టుకొని వచ్చినవారికి కుర్చీ వేయలేకపోతున్న ఆమె బాధ మీకు కనబడాలి. ముందు వసారా ఖాళీ చేయండి. ఆ సీట్లను పాకలో ఎత్తు మీద, పట్టా కప్పి పెట్టండి. ఆ ఒక్క పనితో ఇంట్లో సగము వేడి తగ్గుతుంది. తరువాత ఆమెను పిలిచి గోడ మీది కాగితము చూపించి, అందులో ఆమె మాట కూడా వ్రాయించండి. పిల్లలకు కూడా పని ఇవ్వండి. బోల్టులను డీజిలులో కడిగి, బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడవడము పదేండ్ల పిల్లవాడు కూడా చేయగలడు. తాతగారి గురించి చెప్పడానికి అంతకు మించిన సమయము దొరకదు. అయితే పెట్రోలు వారి చేతికి ఇవ్వవద్దు. బండి క్రిందికి వారిని దూరనివ్వవద్దు. పెద్దవారు కూడా ఒక్క జాకీ నమ్ముకొని గాని, ఇటుకల మీద ఎత్తి గాని క్రింద దూరకూడదు. గట్టి ఇనుప స్టాండులు పెట్టిన తరువాతే దూరాలి.

ఒక దూరదేశపు సంగతి చెబుతాము. 1927 మార్చి 3న వేల్సు దేశములోని పెండైన్ ఇసుక తీరము మీద జె.జి. పారీ థామస్ అనే ఇంజనీరు వేగములో ప్రపంచ రికార్డు కొరకు కారు నడుపుతూ ప్రమాదములో చనిపోయారు. 27 లీటర్ల విమానపు ఇంజను బిగించిన ఆ కారు పేరు బాబ్స్. దానిని అక్కడే ఇసుకలో పూడ్చిపెట్టారు. 42 సంవత్సరముల తరువాత, 1969లో, ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగు అధ్యాపకుడు అనుమతి సంపాదించి దానిని తవ్వి తీయించారు. సముద్రపు ఇసుకలో అన్నేండ్లు ఉన్న రేకు ఏ స్థితిలో ఉంటుందో మీరే ఊహించుకోవచ్చును. దానిని మరల నడిచే బండిగా చేయడానికి ఆయనకు పదేండ్లకు మించి పట్టింది. కాని అది నడిచింది. మీ తండ్రిగారి బండి ఇసుకలో లేదు, పాకలోనే ఉన్నది. దాని సామాను బజారులో దొరుకుతున్నది. మూడు సంవత్సరములు ఈ పనిలో ఎక్కువ కాలము కాదు.

ఇక చివరి మాట, కఠినమైన మాట. అమ్మివేయడము పాపము కాదు, అవమానము కూడా కాదు. ఇప్పటికే అప్పు చేసి ఉంటే, పిల్లల చదువు ఆగే పరిస్థితి వస్తే, ఇంట్లో ఎవరికైనా వైద్యము చేయించవలసి వస్తే ఆ బండిని విడిచిపెట్టండి. నలుగురు బిడ్డలను పోషించడానికే మీ తండ్రిగారు ఆ బండి నడిపారు గాని, బిడ్డల నోటి దగ్గరి కూడు ఆ బండికి పెట్టడానికి కాదు. అయితే తూకానికి మాత్రము వేయవద్దు. సామాను సర్ది, చీటీలు కట్టి, ఆర్.సి. సరిచేసి, పూర్తి చేసే శక్తి ఉన్న మనిషిని వెదకి అతనికి ఇవ్వండి. అప్పుడు మీకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, బండి కూడా బ్రతుకుతుంది. తండ్రిగారి స్టీరింగు చక్రమో, మీటరో గుర్తుగా ఉంచుకోవాలని ఉంటే కొనేవారికి ముందే చెప్పి ఉంచుకొనండి.

అయితే ఈ నిర్ణయము విసుగు పుట్టిన రాత్రి చేయవద్దు. మీకు మేము చెప్పే సలహా ఇది. ఆరు నెలలు గడువు పెట్టుకొనండి. మొదటి నెల సామాను సర్దడము, కాగితముల విచారణ. రెండవ, మూడవ నెలలలో టింకరు దగ్గర కూర్చొని బాడీ పని ఒక కొలిక్కి తేవడము. వారానికి ఒకసారైనా మీరు వెళ్ళి చూడకపోతే ఆయన ముందు వచ్చిన బండ్లన్నీ చేసుకొని మీది వెనుక పెడతాడు. అది లోక సహజము. చేసిన పనికి చేసినంత డబ్బు ఇస్తూ ఉండండి, మొత్తము ముందుగా ఇవ్వవద్దు. నాలుగవ, అయిదవ నెలలలో బ్రేకులు, చక్రములు. ఆరవ నెలలో బాడీ తన చక్రముల మీద తాను నిలబడి మీ పాకలోకి రావాలి. ఇంజను లేకపోయినా ఫరవాలేదు, నలుగురు నెట్టుకొని వచ్చినా ఫరవాలేదు. ఇందులో పొలము పనుల వలన నెల రెండు నెలలు అటూ ఇటూ అయితే కాగితము మీద తేదీ దిద్దుకొనండి.

ఆ రోజు బండి తన చక్రముల మీద ఇంటికి వస్తే, ఇద్దరూ కూర్చొని మిగిలిన పనికి మరల గడువు పెట్టుకొనండి. రాకపోతే, అప్పుడు కూడా ఇద్దరూ కూర్చొని, అమ్మే మాట నెమ్మదిగా మాట్లాడుకొనండి. ఏ దారి అయినా ఆమె అడిగిన "ఏదో ఒకటి" అప్పటికి తేలుతుంది.

సహోదరుడా, ఏ సంగతీ మాకు వ్రాయండి. పాఠకులలో అంబాసిడర్ పని తెలిసిన మెకానిక్కులు, పాత టాక్సీ డ్రైవర్లు ఉంటే, ఏ సామాను ఎక్కడ దొరుకుతుందో మాకు ఒక కార్డు వ్రాస్తే ఆయనకు అందజేస్తాము. వచ్చే నెల, పెండ్లి ఖర్చు విషయములో అన్నదమ్ములకు వచ్చిన మనస్పర్ధ గురించి ఒక తల్లి వ్రాసిన ఉత్తరమును చూద్దాము.